గార్టర్ పాముకు గోల్డ్‌ఫిష్ మాత్రమే పెడుతూ పోవచ్చా?

మీ పెంపుడు గార్టర్ పాము (ఉత్తర అమెరికాకు చెందిన చిన్న పాము) ఏడాదిగా గోల్డ్‌ఫిష్ తప్ప మరేదీ ముట్టడం లేదని, చురుకుగానే ఉంది కనుక అదే ఆహారం కొనసాగించవచ్చా అని అడిగారు. దయచేసి కొనసాగించకండి. నేను తెలియక అదే పని చేసి, నా మొదటి పామును పోగొట్టుకున్నంత పని చేశాను.

దాదాపు పద్నాలుగు నెలలు అది చక్కగా తిన్నది, పెరిగింది, కుబుసాన్ని ఒక్క ముక్కగా విడిచింది. ఒక ఉదయం పెట్టె మూత తీసేసరికి తలను వెనక్కి విరిచి పైకి చూస్తూ, మెడ కింద సన్నగా వణుకుతూ కనిపించింది. చేతిలోకి తీసుకుని మెల్లగా వెల్లకిలా తిప్పితే, క్షణంలో బోర్లా తిరగవలసిన పాము తెల్లని పొట్ట పైకి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యురాలు పామును ముట్టుకోకముందే ఏం పెడుతున్నారని అడిగారు. గోల్డ్‌ఫిష్ అనగానే ఆమెకు విషయం అర్థమైంది. బి1 విటమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడో రోజుకు తల నిలిచింది, నాలుక మళ్ళీ ఆడింది.

గోల్డ్‌ఫిష్ వంటి కొన్ని చేపల శరీరంలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, విచ్ఛిన్నం చేస్తుంది. మెదడు, నరాలు గ్లూకోజును శక్తిగా మార్చుకోవడానికి ఆ విటమిన్ తప్పనిసరి కాబట్టి, పాము కడుపు నిండా తింటున్నా లోలోపల నరాలు దెబ్బతింటూ వస్తాయి. అందుకే చురుకుగా ఉందన్నది ఇక్కడ భరోసా కాదు. ఫ్రీజర్‌లో పెడితే దోషం పోతుందని చాలామంది అనుకుంటారు కానీ, గడ్డకట్టించడం వల్ల ఈ ఎంజైమ్ నశించదు. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఐదు నిమిషాలు ఉంచితేనే పనికిరాకుండా పోతుంది. అంతకన్నా ట్రౌట్, సాల్మన్ వంటి ఈ ఎంజైమ్ లేని చేపలకు మారడం మేలు.

మార్పు కష్టమేమీ కాదు, ఎందుకంటే గార్టర్ పాము ఎరను ప్రధానంగా వాసనతోనే గుర్తిస్తుంది. ముందు ట్రౌట్ ముక్కలు పెట్టండి. అవి అలవాటయ్యాక, ఫ్రీజర్ నుంచి తీసి పూర్తిగా కరగనిచ్చిన, వెంట్రుకలు రాని ఎలుక పిల్లకు ఆ చేపను బాగా రుద్ది పట్టకారుతో అందించండి. నాది రెండుసార్లు మూతి తిప్పుకుంది, మూడోసారి తోక వరకూ మింగింది. ఎముకలతో సహా మింగే ఎలుక పిల్లలో కాల్షియం ఉంటుంది. వానపాములు కూడా మంచి ఆహారమే, అయితే వాటిలో కాల్షియం తక్కువ కనుక అప్పుడప్పుడు కాల్షియం పొడి అద్దాలి. కంపోస్టు తొట్లలో పెంచే ఎర్ర వానపాములు మాత్రం వద్దు, వాటి ఒంటి నుంచి వచ్చే ద్రవం పాములకు హాని చేస్తుంది. రెండు పాములు కలిసి ఉంటే మేత వేళకు విడదీయండి. ఒకే వానపామును చెరో కొస నుంచి మింగుతూ వచ్చి, ఒకదాని తల రెండోదాని నోట్లోకి పోవడం నేను కళ్ళారా చూశాను.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఉత్తర అమెరికాలో గార్టర్ పాములు చెరువు గట్ల దగ్గర తిరుగుతాయని విని పెట్టెలో పరుపును (అడుగున పరిచే పొరను) తడిగా ఉంచేవారున్నారు. ఎప్పుడూ తడి మీద పడుకుంటే పొట్ట పొలుసుల కింద పొక్కులు వస్తాయి. పరుపు పొడిగా ఉండాలి, పాము మునిగేంత నీళ్ళ గిన్నె ఉండాలి. ఒక వైపు 30 డిగ్రీల వెచ్చదనం, మరో వైపు 23 డిగ్రీల చల్లదనం ఉంటే ఏది కావాలో అదే ఎంచుకుంటుంది.

ఆహారం మార్చే ఈ వారాల్లో తల వాలినా, వణికినా, వెల్లకిలా పడి తిరగలేకపోయినా మర్నాటి దాకా ఆగకండి. ఏడాదిగా ఏయే చేపలు పెట్టారో కాగితం మీద రాసుకుని, పామును గుడ్డసంచిలో పెట్టి, అదే రోజు సరీసృపాలు చూసే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.