ఫుల్ థ్రాటిల్‌లో ఆగిపోయే పాత అవుట్‌బోర్డ్ మోటారు
పడవ వెనక బిగించే ఈ మోటారు ఐడిల్‌లో బాగానే తిరిగి ఫుల్ థ్రాటిల్‌లో పడిపోతోంది, ప్రైమర్ బల్బు (పెట్రోలు పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు) నొక్కితే మళ్లీ అందుకుంటోంది అంటే పెట్రోలు సరిపడా అందడం లేదు. కార్బురేటర్ ఇప్పుడే విప్పకండి.

1. పడిపోయే క్షణంలో బల్బు చూడండి. చప్పగా అణగిపోతే అడ్డు ట్యాంకు వైపుంది: మూత మీది గాలి స్క్రూ, లోపల పెట్రోలు పీల్చే గొట్టం చివరి జాలీ (పికప్ జాలీ) చూడండి.

2. అణగకుండా మెత్తగా ఉంటే గాలి లాగుతోంది, లేదా ఫ్యూయల్ పంపు బలహీనపడింది. చాలామంది వదిలేసేది ఇక్కడే. బల్బుకీ ఇంజిన్‌కీ మధ్య అడుగు పొడవు పారదర్శక ఫ్యూయల్ పైపు పెట్టి, అదే థ్రాటిల్‌లో నడపండి. బుడగలు వస్తే కనెక్టర్ ఓ-రింగులు (గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు), క్లాంపులు మార్చాలి. పంపు పీల్చే వైపు కాబట్టి బయటికి చుక్క కూడా కారకపోవచ్చు. తడి లేదని లీకు లేదనుకోవద్దు. పరీక్ష అయ్యాక ఆ పైపు తీసేయండి.

3. బుడగలు లేకపోతే పంపు డయాఫ్రం (లోపల కదిలే పలుచని పొర), గాస్కెట్ల కిట్ మార్చండి.