ఆస్కార్ చేపల ట్యాంకులో మొక్కలు నిలబడాలంటే

ప్రశ్న: మా చేపల ట్యాంకు 400 లీటర్లది. రెండు పెద్ద ఆస్కార్లు, నాలుగు సిల్వర్ డాలర్లు ఉన్నాయి. ఏ మొక్క నాటినా తెల్లారేసరికి సగం పైకి తేలిపోతున్నాయి, మిగిలినవాటికి ఆకులుండవు, ఈనెలే ఉంటాయి. అమెజాన్ స్వోర్డ్, కబోంబా, వాలిస్నేరియా అన్నీ అయిపోయాయి. ఇక ప్లాస్టిక్ మొక్కలేనా గతి?

జవాబు: అప్పుడే ప్లాస్టిక్ దాకా వెళ్లకండి. మీ ట్యాంకులో జరుగుతున్నవి రెండు వేర్వేరు పనులు, చేసేవి కూడా వేర్వేరు చేపలే. పైకి తేలిన మొక్కలు ఆస్కార్ల పని. అవి ఆకులు తినడానికి పీకవు, అడుగున తవ్వడం వాటి స్వభావం, గుడ్లు పెట్టే సమయంలోనైతే మరీ ఎక్కువ, ఆ తవ్వకంలో అడ్డొచ్చిన ప్రతిదీ లేచిపోతుంది. ఈనెలు మిగిల్చేవి మాత్రం సిల్వర్ డాలర్లు. పిరానాలకు దగ్గరి చుట్టాలే అయినా ఇవి ప్రధానంగా ఆకులు అలమలు తినే చేపలు. కబోంబా లాంటి మెత్తటి మొక్క పెట్టడమంటే వాటికి భోజనం వడ్డించడమే.

కాబట్టి ఇసుకలో, గులకరాళ్లలో నాటడం మానేయండి. అనుబియాస్, జావా ఫెర్న్ తెచ్చుకోండి. ఇవి రాయి మీదో చెక్క మీదో పట్టుకుని పెరుగుతాయి, మట్టి అక్కర్లేదు. ఆకులు దళసరిగా ఉంటాయి, చాలా చేపలు వాటి జోలికి పోవు. వేళ్ల పైన అల్లం కొమ్ములా అడ్డంగా పాకే కాండం ఉంటుంది, దాన్ని పూడ్చిపెడితే కుళ్లిపోతుంది. చాలామంది దగ్గర ఈ మొక్కలు చచ్చిపోయేది చేపల వల్ల కాదు, ఇలా పాతిపెట్టడం వల్లే. ఆ కాండాన్ని నైలాన్ దారంతో కట్టండి, లేదా జెల్ రకం సూపర్ గ్లూ చుక్క పెట్టి చెక్కకు అదిమి పట్టుకోండి. గట్టిపడ్డాక ఆ గ్లూతో చేపలకు ఇబ్బంది లేదు. నూలు దారం వద్దు, వేళ్లు పట్టుకునేలోపే నీళ్లలో చీకిపోవచ్చు.

తొందరపడి కట్టిన రోజే ట్యాంకులో దించకండి. చేపలు లేని తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, వేళ్లు చెక్కను గట్టిగా కరుచుకున్నాక మార్చండి. రాళ్లు ఆస్కార్ నెట్టినా కదలనంత బరువైనవి కావాలి, వాటిని ఇసుక మీద కాకుండా నేరుగా ట్యాంకు అడుగున ఆనించి, చుట్టూ ఇసుక పోయండి. లేకపోతే కింద తవ్వేసినప్పుడు రాయి ఒరిగి అద్దానికి తగులుతుంది, మొక్క పోవడం కంటే అది పెద్ద నష్టం.

లైటు కూడా తగ్గించండి. ఇవి నెమ్మదిగా పెరిగే మొక్కలు, వెలుతురు ఎక్కువైతే ఆకుల మీద నాచు పట్టేస్తుంది. జావా ఫెర్న్ ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు వరుసగా కనిపిస్తే జబ్బనుకుని కత్తిరించేయకండి, సాధారణంగా అవి దాని బీజాలుండే చోట్లు. ముదురు ఆకు చివర పిల్ల మొక్కలు కూడా వస్తాయి, నాకు ఈ మొక్కలో అన్నిటికన్నా నచ్చేది అదే.

సిల్వర్ డాలర్ల ఆకలి మాత్రం మొక్క మార్చినంత మాత్రాన తీరదు, బాగా ఆకలేస్తే జావా ఫెర్న్‌నూ కొరికి చూస్తాయి. రోజూ కీరా ముక్కో, వేడినీళ్లలో ముంచి తీసిన పాలకూరో వేయండి. వీలైతే నీటి మీద తేలే చిన్న మొక్క డక్‌వీడ్‌ను వేరే తొట్టిలో పెంచి గుప్పెడు గుప్పెడు వేస్తుండండి, ఇష్టంగా తింటాయి.

ఇంకొకటి, మనీ ప్లాంట్. ఆకులు, తీగ బయట ఉంచి వేళ్లు మాత్రం నీళ్లలోకి వదిలితే పెద్ద చేపల వ్యర్థాల నుంచి తయారయ్యే నైట్రేట్‌ను అది బాగా లాక్కుంటుంది. దాని రసంలో దురద పుట్టించే గుణం ఉంది కాబట్టి వేళ్లను చేపల నోటికి అందనివ్వకండి, ఫిల్టర్ పెట్టెలోనో జాలీ వెనకో ఉంచండి. అది ఉంది కదా అని వారం వారం నీళ్లు మార్చడం ఆపొద్దు, ఆస్కార్లు 30 సెంటీమీటర్ల దాకా పెరిగే చేపలు, ఆ ట్యాంకు వాటికే ఇరుకు.

ప్రశ్న: చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చింది. రాగి కలిసిన మందు వేస్తే మొక్కలు పాడవుతాయా?

జవాబు: పాడయ్యే అవకాశం ఎక్కువే, ఉప్పు మోతాదు పెంచినా అంతే. చెక్కకు కట్టిన మొక్కలైతే చెక్కతో సహా తీసి, చేపలు లేని తొట్టిలో లైటు కింద పెట్టేయండి. గది వేడిమి బాగుంటే రెండు వారాలు ఆగండి, మొక్కలతో పాటు వచ్చిన, ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి పట్టుకోవడానికి చేప దొరకక చచ్చిపోతుంది. నీళ్లు చల్లగా ఉంటే దాని ఎదుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు ఉంచండి. ట్యాంకులో చికిత్స ముగిసి, నీళ్లు మార్చి, మందు పూర్తిగా పోయాకే మొక్కల్ని తిరిగి దించండి.