ఒకే ఇంట్లో మూడు రకాల దిగులు

చిట్టితల్లీ,

నాన్నగారు మంచంలోంచే అందరినీ కసురుతున్నారనీ, అమ్మ మాట్లాడటమే తగ్గించేసిందనీ రాశావు. ఊరి నర్సమ్మగా, అదే ఏఎన్‌ఎంగా, ఈ కోనసీమ లంకల్లో ఇల్లిల్లూ తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కొబ్బరిచెట్టు మీంచి పడ్డాక నాన్నగారికి కాళ్లు చచ్చుబడిన బాధ కన్నా, సంపాదన పోయిందన్న బాధే ఎక్కువ. మగపిల్లాడు ఏడవకూడదని పెంచాం. ఆ దుఃఖమే ఇప్పుడు కోపమై బయటికొస్తోంది. రెస్ట్ తీసుకోమని ఊరికే చెప్పకు. ఏ తోటలో ఎప్పుడు కాయ దింపాలి, ఎవరికెంత కూలి అన్న లెక్కలు ఆయనకి అప్పగించమని దింపు కూలీల ముఠా వాళ్లని అడుగు. ఫోన్లో అయ్యే పనే. పగలు మంచం వీధివైపు వేస్తే వచ్చేపోయేవాళ్లు పలకరిస్తారు. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌కి సచివాలయంలో స్లాట్ బుక్ చెయ్యి.

అమ్మ సంగతి వేరు. భర్త పడిపోతే భార్య చాకిరీ చెయ్యని ఇల్లు నేను చూడలేదు. భార్య పడిపోతే మాత్రం ముందు వచ్చే మాట "వంటెవరు చేస్తారు?" అనే. అందుకే మోకాళ్లు అరిగిపోయినా ఆవిడ పైకి చెప్పదు. పీట మీంచి లేచేటప్పుడు చూడు, గోడ పట్టుకుని పళ్లు బిగబట్టి లేస్తుంది, నువ్వు చూస్తే నవ్వేస్తుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి నాన్నగారిని పక్కకి తిప్పాలి కదా, రాత్రి పూట ఆ పని నువ్వూ తమ్ముడూ వంతులేసుకోండి. ముందు ఆవిడకి కంటినిండా నిద్ర కావాలి.

మీరందరూ మరిచిపోయింది మేనత్తని. పోలియో కాలితో ఆవిడ చిన్నప్పుడే సర్దుకుంది. పెళ్లి లేదు, పిల్లలు లేరు, అన్నయ్య కూడా మంచాన పడ్డాడు. "రేపు నన్నెవరు చూస్తారు?" అన్న భయం నోటితో అనలేక రోజూ మింగుతోంది. నువ్వే కూర్చుని అడుగు. ఒకటో తారీఖున వచ్చే ఆరువేల పింఛను ఆవిడ చేతిలోనే ఉండాలి, ఇంటి ఖర్చులో కలిపెయ్యకండి. నీ పెళ్లిచూపులప్పుడు లోపలి గదిలో కూర్చోమంటారేమో, ఒప్పుకోకు.

ఈ ముగ్గురిలో ఎవరు "నేనుండి ఏం లాభం" అన్నా చిరాకులో అన్నారని వదిలెయ్యకు. ఆ రోజే 14416కి ఫోన్ చెయ్యి. టెలీమానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లకి సర్కారు పెట్టిన ఫోను సాయం, డబ్బులు అక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. చావడిలో పెట్టిన పురుగుమందు డబ్బాలు మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఇవాళే ఇంట్లోంచి తీయించెయ్.

మీ పెద్దమ్మ