కీమో నడుస్తుండగా తిప్పతీగ కషాయం తాగవచ్చా?

కీమోథెరపీతో పాటు తిప్పతీగ కషాయం, ఆకురసాలు తాగితే త్వరగా కోలుకుంటారా అని అడిగారు. డాక్టరుకు చెప్పకుండా గుక్కెడు కూడా వద్దని నా గట్టి అభిప్రాయం.

మాది దేవరకొండ దగ్గరి పల్లె. రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో మా అమ్మకు వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్న రోజుల్లో, ఒకసారి రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా పెరిగిందని ఆ వారం మందు ఆపేశారు. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే అమ్మ తల వంచుకుంది. తోడు వచ్చిన మా మేనత్త మాత్రం సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి బల్ల మీద పెట్టి, "నేనే తాపిస్తున్న మేడం, మా చెలక గట్టున యాపచెట్టుకు పారిన తిప్పతీగనే, మందేం గాదు" అంది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి, "మేము ఎక్కించేది కూడా చెట్టు మందేనమ్మా" అన్నారు.

నిజమే. పాక్లిటాక్సెల్‌ను మొదట పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు నుంచి తీశారు. 1992లో అమెరికాలో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇచ్చే విన్‌క్రిస్టిన్ మన వాకిళ్లలో పూసే బిళ్ళగన్నేరులోనిదే. అయితే వాటిని మనిషి ఎత్తు, బరువు చూసి మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. అత్త కషాయానికి ఆ లెక్క ఎక్కడిది? తీగ ఎంత ముదిరిందో, ఎంతసేపు మరిగిందో ఆమెకే తెలియదు. పైగా పాక్లిటాక్సెల్‌ను విరిచేది కాలేయమే కనుక, అది దెబ్బతింటే మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు మరింత పడిపోతాయి. అలాంటప్పుడు సరిగా కడగని ఆకుల పచ్చిరసం తాగితే ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. కషాయం మానేశాక అమ్మ ఎస్‌జీపీటీ దిగివచ్చింది. కారణం అదేనన్న విషయంలో నాకైతే అనుమానం లేదు.

కూరలో పసుపు, చారులో అల్లం మానక్కర్లేదని డాక్టరమ్మే చెప్పారు. పొడులు, గుళికలు, చిక్కటి సారాల సంగతి వేరు.

నా ఫిర్యాదు ఆసుపత్రుల మీద కూడా ఉంది. మొదటి రోజు నింపించిన కాగితంలో బీపీ, షుగరు, పాత ఆపరేషన్లు అన్నీ అడిగారు కానీ నాటుమందుల ఊసు లేదు. అంతకుముందు చూపించుకున్న మరో చోటనైతే, ఆకుమందు మాట ఎత్తగానే అందరి ముందు కసిరారు. ఆ తర్వాతే అమ్మ దాచిపెట్టి తాగడం మొదలుపెట్టింది.