బండి నేల మీద నిలబడ్డాకే బిగించు

పాడి, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు ఒకటికి మూడుసార్లు పెద్దవి చేసి చూశాను. నీ 1972 నాటి ఎం.జి.బి. కారుకు వెనక కమాను కట్టలు (స్ప్రింగులా పనిచేసే ఉక్కు పట్టీల దొంతరలు) రెండూ కుంగిపోయాయనీ, కట్ట వెనక కొసను బాడీకి వేలాడదీసే షాకిల్ పిన్నులు తుప్పుతో కరుచుకుపోయాయనీ, వచ్చే ఆదివారం ఒక్కరోజులో అన్నీ విప్పి కొత్తవి వేసేయాలనుకుంటున్నావనీ రాశావు. కొత్తవి వేయడం నిజంగానే ఒక పూట పని. పాతవి ఊడదీయడానికి మాత్రం నాలుగు రోజులు పట్టినా విసుక్కోకు. తిరువాన్మియూరులో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన బండి అది. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, కింద కనబడకుండా ఉన్న బోల్టుల సంగతి వేరే చెప్పాలా?

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ బండి ముందు నుంచి చూస్తే స్పోర్ట్స్ కారే గాని, వెనక ఇరుసు దగ్గర మాత్రం మన పాత జట్కాబండికి దగ్గరి చుట్టం. ఒకే గట్టి ఇరుసు, దాని కింద అటొకటి ఇటొకటి కమాను కట్ట, అంతే. ఆ కట్ట బరువు మోయడంతో సరిపెట్టుకోదు. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా నిలిపి ఉంచేది కూడా అదే, దానికి తోడుగా వేరే ఆర్ములేవీ లేవు. అందుకే కట్ట ముందు కంటిలోని, అంటే ముందు కొసన చుట్టిన రంధ్రంలోని, రబ్బరు బుష్ (తొడుగు) చచ్చిపోతే, ఆక్సిలరేటర్ మీద కాలు వేసినప్పుడు ఆ వైపు చక్రం ఒక వెంట్రుకవాసి ముందుకు, కాలు తీసినప్పుడు వెనక్కు జరుగుతుంది. బండి తనంతట తాను లేను మారబోయినట్టు అనిపిస్తోందని నువ్వు రాసింది దాని గురించే. స్టీరింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకు.

సామాను ఆర్డరు పెట్టే ముందు రెండు పనులు చెయ్యి. మొదటిది, సమంగా ఉన్న నేల మీద బండిని నిలిపి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా కొలిచి రాసుకో. డ్రైవరు ఒక్కడే తిరిగే బండికి కుడివైపు ఎక్కువ కుంగి ఉండడం మామూలే. రెండో పని అసలైనది. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. కట్ట ముందు కన్ను బిగించే బ్రాకెట్టు, వెనక షాకిల్ వేలాడే చోటు, రెండూ మడిచి అతికిన రేకు పెట్టెలే. ఆ పెట్టెల్లోకి నీళ్లు చేరితే బయటికి వచ్చే దారి ఉండదు, తుప్పు లోపలి నుంచి తింటుంది. కాబట్టి పైన ఉన్న నల్లటి తారుపూతను గీకేసి, పాత స్క్రూడ్రైవరు మొనతో బ్రాకెట్టు చుట్టూ, ఫుట్‌బోర్డు కింది రేకు దాన్ని కలిసే మూల దగ్గరా గట్టిగా పొడిచి చూడు. ఖణేల్‌మంటే మంచి లోహం. మెత్తగా చప్పుడైనా, మొన దిగబడినా, కొత్త కట్టల మాట పక్కన పెట్టి ముందు వెల్డింగ్ చేయించాలి. కుళ్లిన దూలానికి కొత్త ఉయ్యాల కట్టినట్టు చేయకు. నీ రెండో ఫోటోలో ఎడమవైపు బ్రాకెట్టు పైన పెయింటు బుడగలు కట్టి ఉంది. అక్కడే మొదట పొడువు.

ఆ పరీక్షలో బండి నెగ్గితే, విడిభాగాలకు ఇబ్బంది లేదు. ఈ మోడలుకు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అన్నీ కొత్తవి దొరుకుతాయి. కట్టలు జంటగానే మార్చాలి. వాటితోపాటు ముందు కంటి బుష్‌లు, షాకిళ్లు, వాటి రబ్బర్లు, కట్టను ఇరుసుకు కట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులు (యూ బోల్టులు) నట్లతో సహా, కట్టకూ ఇరుసుకూ మధ్య కూర్చునే రబ్బరు ప్యాడ్లు, ఇరుసు మరీ కిందికి జారకుండా పట్టి ఉంచే పట్టీలు, ఇరుసు పైకెగిరి బాడీకి తగలకుండా ఆపే రబ్బరు బంప్ స్టాపర్లు, అన్నీ ఒకేసారి తెప్పించుకో. యూ బోల్టులను రెండోసారి వాడకూడదు, ఒకసారి సాగిన మరలు మళ్లీ నమ్మకంగా పట్టవు. పుదుపేటలో ఎవరో పాత కట్టలనే సుత్తితో కొట్టి వంపు తెచ్చిపెడతామన్నారని రాశావు. నిజమే, చేస్తారు, వారం రోజులు చూడముచ్చటగా కూడా ఉంటుంది. కానీ కట్టను ఎర్రగా కాల్చి వంచి, ఆపైన సరిగ్గా వేడిచేసి చల్లార్చి పదును పెట్టకపోతే ఉక్కులోని స్ప్రింగు గుణం పోతుంది. మళ్లీ కుంగుతుంది, లేదా ఏదో ఒక రోజు గుంతలో పడగానే విరుగుతుంది. ఈ ఒక్కచోట పొదుపు వద్దు. పాలియురెథేన్ (రబ్బరుకన్నా గట్టి ప్లాస్టిక్) బుష్‌ల గురించి కూడా అడిగావు. రేసుకు పోయేవాడికి అవి పనికొస్తాయి. మన రోడ్ల మీద ప్రతి రాయినీ నడుముకు చెబుతాయి, కీచుమంటాయి కూడా. నా మాట వింటే రబ్బరే వెయ్యి.

నీ దగ్గర ఉన్న మిల్లీమీటర్ల పానాలతో దీని జోలికి పోవద్దు. ఈ బండి నట్లన్నీ అంగుళాల కొలతవి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు; 13 పానా ఎక్కుతుంది, తుప్పు లేని నట్టయితే విప్పుతుంది కూడా, కానీ తుప్పు పట్టిన నట్టు మీద బలం పెట్టగానే మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది. 9/16 అంగుళానికి 14 ఎక్కదు, 15 వదులు. కొత్త బోల్టులు ఇక్కడే కొనాల్సి వస్తే జి.పి. రోడ్డులో తల మీద గీతలు చూసి తీసుకో: మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. తల నున్నగా ఉన్న బోల్టును ఎంత తక్కువకు ఇచ్చినా ఈ పనికి తీసుకోకు.

ఇక విప్పడం. ఆదివారం పని అనుకుంటే బుధవారం నుంచే పొద్దున, సాయంత్రం ప్రతి నట్టుకూ పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి దిగే పలచటి నూనె) కొట్టు. కొట్టే ముందు బయటికి కనబడే మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చెయ్యి, లేకపోతే నూనె తుప్పు పొలుసుల మీదే ఆగిపోతుంది. పెట్రోలు ట్యాంకు డిక్కీ కింద, షాకిల్‌కు జానెడు దూరంలో ఉందని మరచిపోవద్దు. గ్యాస్ కటింగ్ గానీ గ్రైండరు గానీ తప్పనిసరైతే ట్యాంకును దింపి బయట పెట్టాకే వాడాలి. ఆరు వోల్టుల బ్యాటరీలు రెండూ సీట్ల వెనక ఉంటాయి, వాటి తీగలు కూడా ముందే విప్పు. జాకీని నమ్మి బండి కింద దూరవద్దు. కట్ట ముందు బ్రాకెట్టుకు ముందున్న గట్టి చోట రెండు వైపులా స్టాండ్లు పెట్టి, ఇరుసు కింద వేరేగా ట్రాలీ జాకీ ఉంచి, దానితో ఇరుసును కొద్దికొద్దిగా దించుతూ కట్ట మీద బరువు తీసెయ్యి. ఇరుసు దిగేటప్పుడు బ్రేకు హోసు బిగుసుకుపోకుండా ఒక కన్ను అటే ఉండాలి. రెండు వైపులా ఒకేసారి విప్పవద్దు. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది. అప్పుడు ఇరుసు పక్కకు జరగదు, ఏ వాషరు ఎక్కడిదో అన్న సందేహం వస్తే అవతలి వైపు చూసుకోవచ్చు.

నిన్ను ఎక్కువగా ఏడిపించేది ముందు కంటి బోల్టు. నట్టు సులువుగానే వస్తుంది. బోల్టు మాత్రం బుష్ లోపలి ఇనుప గొట్టంతో ఏకమైపోయి ఉంటుంది. తల తిప్పితే బోల్టు తిరుగుతుంది గానీ బయటికి రాదు, గొట్టం కూడా దానితోపాటే రబ్బరులో తిరుగుతుంది. సుత్తితో మరల కొసను బాదితే కొస పుట్టగొడుగులా విచ్చుకుని పని ఇంకా కష్టమవుతుంది. నట్టును కొస దాకా తిరిగి ఎక్కించి దాని మీద కొట్టు. అయినా కదలకపోతే కట్ట కన్నుకూ బ్రాకెట్టు గోడకూ మధ్య సందులో సన్నటి రంపపు బ్లేడు పోనిచ్చి రెండు చోట్ల బోల్టును కోసెయ్యి. గంట పడుతుంది, చేతులు నొస్తాయి, బ్రాకెట్టు మాత్రం పాడవదు.

కొత్త బుష్‌లు ఎక్కించేటప్పుడు గ్రీజు పూయవద్దు, రబ్బరు ఉబ్బి చెడుతుంది. మీ అమ్మ నడిగి కాస్త కుంకుడు రసం తీసుకో, షాకిల్ రబ్బర్లు నున్నగా జారి కూర్చుంటాయి, తర్వాత ఆరిపోతుంది. కట్ట మధ్య బోల్టు తల ప్యాడు ప్లేటులోని రంధ్రంలో సరిగ్గా కూర్చున్నదీ లేనిదీ వేలితో తడిమి చూశాకే యూ బోల్టులు ఎక్కించు. నాలుగు నట్లనూ ఎదురెదురుగా మార్చుకుంటూ సమంగా బిగించాలి.

ఈ ఉత్తరం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంటుందనుకుంటే అది ఇది. ముందు కంటి బోల్టునూ షాకిల్ నట్లనూ బండి గాలిలో ఉండగా చేత్తో మాత్రమే ఎక్కించు. చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించి, నాలుగుసార్లు వెనక భాగాన్ని నొక్కి వదిలి, ఆ బరువు మీద ఉండగానే మాన్యువల్లో రాసిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించు. బుష్ లోపలి గొట్టం బ్రాకెట్టుకు బిగుసుకుపోతుంది, బయటిది కట్టతో కదులుతుంది, మధ్యలోని రబ్బరు మెలిపడుతూ సర్దుకుంటుంది. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే అదే దానికి సహజ స్థితి అవుతుంది. బండి నేల మీద ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు సగం మెలిక తిరిగే ఉంటుంది. షోళవరంలో రేసులు చూసి పిచ్చెక్కిన వయసులో నేనూ ఒక పాత బండి కొన్నాను. ఒక వర్క్‌షాపువాళ్లు లిఫ్టు మీద ఉండగానే అన్నీ బిగించి ఇచ్చారు. అయిదు నెలలు తిరక్కుండానే మహాబలిపురం దారిలో టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే కొత్త బుష్‌ల రబ్బరు గొట్టం నుంచి ఊడి పొరలు పొరలుగా చేతికొచ్చింది. మళ్లీ సామాను, మళ్లీ కూలీ.

షాక్ అబ్జార్బర్లు ఇందులో గొట్టాల్లాంటివి కావు, చెయ్యి ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ రకం. దాన్ని ఇరుసుకు కలిపే లింకు విప్పి ఆ చేతిని మెల్లగా చివరి నుంచి చివరి దాకా ఆడించు. ఏ దిక్కుకు కదిపినా మొదటి నుంచి చివరి దాకా నిలకడగా బరువు తగిలితే బాగున్నట్టు. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా జారితే నూనె తగ్గిందన్నమాట. 20 గ్రేడ్ ఫోర్క్ ఆయిల్ పోసి, చేతిని పదిహేను ఇరవైసార్లు ఆడించి గాలి పోగొట్టు. ఇంజిన్ ఆయిలూ, బ్రేకు ఆయిలూ పోయనివ్వకు. ఆ చెయ్యి తిరిగే కడ్డీ దగ్గర నుంచి నూనె కారుతుంటే పోసి లాభం లేదు, రిపేరుకు ఇవ్వాలి. విప్పి బయట పెట్టినప్పుడు తలకిందులుగా పడుకోబెట్టవద్దు.

రంగు సంగతి తేలిక. తుప్పు గీకిన చోట జింకు ప్రైమరు, దాని మీద పెయింటు, పెట్టెల లోపలికి గొట్టంతో మైనం పూత. తుప్పు మీదే నల్లపూత కొట్టించవద్దు.

నూటయాభై కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ టార్కు పెట్టి చూడు, ప్యాడ్లు కూర్చుని కొంచెం వదులవుతాయి. మొదట్లో రాసుకున్న నాలుగు కొలతలూ అప్పుడు మళ్లీ తీసి నాకు పంపు. నా అంగుళాల పానాల పెట్టె శనివారం పంపిస్తాను. అందులో 9/16 రింగు పానాకు ఒక చివర చిట్లింది, ఆ చివర వాడకు.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మామయ్య