ఏజెన్సీ బ్రాంచికి వెళుతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

పాడేరు ఏజెన్సీలోని బ్రాంచికి మేనేజరుగా వెళుతున్నావనీ, అక్కడ సోలార్ పెట్టించే పని నీ మీదే పడిందనీ మీ అమ్మ చెప్పింది. ప్యానెళ్లు ఎన్ని కిలోవాట్లవి కొనాలో లెక్క వేసే ముందు, కరెంటు పోయినప్పుడు ఏది ఆగితే బ్యాంకు ఆగిపోతుందో తేల్చుకో. వీశాట్ (ఉపగ్రహం ద్వారా బ్రాంచికి నెట్‌వర్క్ అందించే పరికరం), రెండు కంప్యూటర్లు, పాస్‌బుక్ ప్రింటరు, నోట్లు లెక్కించే మిషను, కెమెరాలు, అలారం, వీటికి మాత్రమే విడిగా వైరింగు చేయించి ఇన్వర్టరుకు కలపాలి. ఏసీ, లేజర్ ప్రింటరు, టీ కెటిల్ ఆ లైను ఛాయలకు రాకూడదు. నేనొకసారి తనిఖీకి వచ్చిన అధికారి మెప్పు కోసం ఆయన కూర్చున్న గది ఏసీని ఆ లైనుకే కలిపించాను. మధ్యాహ్నానికి బ్యాటరీలు చేతులెత్తేశాయి. సంత రోజు కావడంతో, ఉపాధి కూలి డబ్బుల కోసం కొండలు దిగి వచ్చిన జనం సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నారు.

ఆ సామానంతా కలిసి 500 వాట్లు తీసుకుంటుందనుకుంటే ఎనిమిది గంటలకు 4 యూనిట్లు, రాత్రి నడిచే కెమెరాలకు మరొక యూనిట్ కావాలి. ఎండ బాగా కాస్తే కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి కనుక 2 కిలోవాట్లు చాలుననిపిస్తుంది గానీ, ముసురు పట్టిన రోజుల్లో అందులో సగమైనా చేతికి రాదు. 3 కిలోవాట్లకు తగ్గవద్దు. 12 వోల్టుల 150 ఏహెచ్ (యాంపియర్ అవర్) బ్యాటరీలు నాలుగింటిలో కాగితం మీద 7.2 యూనిట్లు ఉంటాయి, అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కరెంటు ఉన్న కాసేపట్లోనూ బ్యాటరీలను నింపుకునే ఇన్వర్టరునే అడుగు.

ప్యానెళ్లు దక్షిణానికి, ఇంచుమించు 18 డిగ్రీల వాలుతో ఉండాలి. సిల్వర్ ఓక్ చెట్టు నీడ ఒక్క ప్యానెల్ మూలన పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. కాఫీ పళ్ల డబ్బులు ఖాతాల్లో పడే చలికాలంలోనే అక్కడ పొద్దెక్కేదాకా మంచు విడవదు. కాబట్టి సంతకు ముందురోజు సాయంత్రం బ్యాటరీలు నిండి ఉన్నాయో లేదో చూసుకో.

బ్యాటరీల్లో బోరు నీళ్లు పోయనివ్వకు, డిస్టిల్డ్ వాటరే పోయించు. విశాఖ నుంచి మెకానిక్ రావడానికి రోజులు పట్టవచ్చు కనుక, ప్యానెళ్లు తుడవడం, నీటిమట్టం చూడడం, లైను మార్చే స్విచ్ వాడడం అటెండరుకు మొదటి వారంలోనే నేర్పు. నువ్వు సెలవులో ఉన్న రోజున బ్రాంచి నడిచేది అతని చేతుల మీదుగానే.

మీ మామయ్య