పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే చాలదా?

ప్రశ్న: మా 2010 నాటి ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని ఐఎస్ఓ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఎన్నిసార్లు ఆన్ చేసినా పాత విండోసే వస్తోంది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదటిసారి నేనూ ఇదే చేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నానమ్మా. ఐఎస్ఓ అంటే మొత్తం డిస్కును మూటగట్టిన ఒకే ఫైల్. ఊరికే కాపీ చేస్తే కంప్యూటర్ ఆ మూట విప్పుకోదు. రూఫస్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయించాలి. 8 జీబీ డ్రైవ్ చాలు. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే వేరేచోట దాచుకోండి (మావాడి అన్నప్రాశన ఫోటోలు నాకు అలాగే పోయాయి). మీ ల్యాప్‌టాప్‌లో బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) పాతరకం అయ్యుంటుంది, రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ (డ్రైవ్‌ను విభజించే పద్ధతి) అన్నచోట దానికి సరిపడే ఎంబీఆర్ ఎంచుకోండి. ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి చూడండి, కొన్నిటికి ఎఫ్9 లేదా ఎస్కేప్. అప్పుడొచ్చే బూట్ మెనూలో (దేన్నుంచి మొదలుపెట్టాలో అడిగే జాబితా) యూఎస్‌బీని, అంటే మీ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. పెన్‌డ్రైవ్ నుంచే మింట్ తెరుచుకోగానే ఇన్‌స్టాల్ నొక్కేయకండి, వైఫై పనిచేస్తోందో లేదో ముందు చూసుకోండి.